బురదలోకి దిగే ముందు వెనక డ్రమ్ములు విప్పి చూడండి

ఆఫ్‌రోడ్ బండిలో ముందు బ్రేకుల మీద పెట్టే శ్రద్ధ వెనక బ్రేకుల మీద చాలామంది పెట్టరు. రోడ్డు మీద ఎలాగో గడిచిపోతుంది. కానీ ఎత్తు ఎక్కలేక మధ్యలో ఆగిపోయి రివర్సులో దిగాల్సి వస్తే బరువంతా వెనక చక్రాల మీదే పడుతుంది. అక్కడ వెనక బ్రేకు పట్టకపోతే బండి మన చేతిలో ఉండదు. అందుకే వానలు మొదలవక ముందే ఒక పూట దీనికి కేటాయించండి.

ముందు పెడల్ తొక్కి చూడండి. మొదటిసారి బాగా కిందికి దిగి, వెంటనే మళ్లీ తొక్కితే పైనే ఆగిందంటే చక్రంతో తిరిగే డ్రమ్ముకూ, దానికి లోపల్నుంచి ఒరుసుకుని ఆపే షూలకూ మధ్య సందు పెరిగి ఉండొచ్చు. మెత్తగా స్పాంజిలా ఉంటే బ్రేక్ ఆయిల్ లైనులో గాలి చేరినట్టే. తొక్కి పట్టుకున్నా మెల్లగా దిగిపోతుంటే ఎక్కడో లీకు ఉంది, లేదా మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ను లైనులోకి తోసేది) పోయింది. ఆ బండిని బయటికి తీయకండి. కాసేపు నడిపాక డ్రమ్ముల దగ్గర చెయ్యి పెట్టి చూడండి, తాకొద్దు. ఒకటి బాగా వేడిగా ఉంటే షూ వదలడం లేదు, లేదా హ్యాండ్ బ్రేక్ కేబుల్ తుప్పుపట్టి బిగుసుకుంది.

విప్పేటప్పుడు నేల గట్టిగా, చదునుగా ఉండాలి. ముందు చక్రాలకు అటూ ఇటూ అడ్డాలు పెట్టి, జాకీతో లేపి, స్టాండు మీద నిలపండి. ఆ తర్వాతే హ్యాండ్ బ్రేక్ వదలండి. ఒక్క జాకీని నమ్ముకుని బండి కిందకు వెళ్లొద్దు. డ్రమ్ములోని దుమ్మును గాలి కొట్టి ఊదకండి. పాత షూలలో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, అది ఊపిరితిత్తులకు చేటు. బ్రేక్ క్లీనర్‌తో తడిపి తుడవండి. స్ప్రింగుల ఫొటో తీసుకుని, ఒక పక్క పూర్తయ్యాకే రెండోది విప్పండి. ఎక్కడ ఏది తగిలించాలో తికమకపడితే రెండో పక్క చూసుకోవచ్చు.

అసలు జాగ్రత్తగా చూడాల్సింది షూల మీద తడి. వేలితో తీసి చూడండి. చిక్కగా, గంధకం వాసనతో ఉంటే గేర్ ఆయిల్, అంటే ఆక్సిల్ సీల్ (ఇరుసులోని నూనె బయటికి రాకుండా ఆపే రింగు) పోయింది. పల్చగా ఉండి నీళ్లలో కలిసిపోతే బ్రేక్ ఆయిల్, అంటే షూలను డ్రమ్ము వైపు తోసే వీల్ సిలిండర్ కారుతోంది. నేను ఒకసారి సీల్, షూలు కొత్తవి వేయించాను. కొన్నాళ్లకే మళ్లీ నూనె. చివరికి చూస్తే ఆక్సిల్ మీద చిటికెన వేలంత బ్రీదర్ (లోపలి గాలి వచ్చిపోయే దారి) ఎండిన బురదతో పూడిపోయి ఉంది. లోపల వేడెక్కిన గాలికి దారి లేక నూనెను సీల్ పక్కనుంచి బయటికి తోస్తోంది. వేడి ఆక్సిల్ చల్లటి నీళ్లలో మునిగితే ఇదే తిరగబడి నీళ్లు లోపలికి వస్తాయి. అందుకే సీల్ మార్చే ముందు బ్రీదర్ చూడండి. నూనె తాగిన షూలను కడిగి మళ్లీ వాడొద్దు. రెండు పక్కలా కొత్తవే వేయండి, లేకపోతే బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్కకి లాగుతుంది.

బ్రేక్ ఆయిల్ గాల్లోని తేమను పీల్చుకుంటుంది. బ్రేక్ ఆయిల్ రకాల్లో ఒకటైన డాట్ 4 ప్రమాణం ప్రకారం కొత్త ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ చేరాక ఆ హద్దు 155కు పడిపోతుంది. బ్రేకులు బాగా వేడెక్కే పొడవాటి దిగుడులో అది చాలకపోవచ్చు. రెండేళ్లకోసారి మార్చేయండి. సిలికాన్‌తో చేసే డాట్ 5ను మాత్రం ఇందులో కలపకండి.

బండి ఎత్తు పెంచి ఉంటే వెనక ఆక్సిల్‌కు తగిలించిన లోడ్ వాల్వు (వెనక బరువును బట్టి బ్రేకు ఒత్తిడి మార్చేది) కడ్డీ కూడా సరిచేయించండి. లేకపోతే ఆ వాల్వు బండి ఖాళీగా ఉందనుకుని వెనక బ్రేకుకు ఒత్తిడి తగ్గించేస్తుంది.

అంతా బిగించాక పెడల్ గట్టిపడేదాకా తొక్కి, ఆ తర్వాతే గేరు వేయండి. మొదటి పరీక్ష ఖాళీ స్థలంలో, నడక వేగంతో చేయండి. నీళ్లు దాటిన ప్రతిసారీ కొంతదూరం బ్రేకు తేలిగ్గా నొక్కుతూ వెళ్లి షూలు ఆరబెట్టుకోండి.