జావాలో ఎర్రర్ కనిపించదు, పని జరగదు: ఎక్సెప్షన్ ఎక్కడ మాయమైంది?

సమస్య: స్క్రీన్ మీద "సేవ్ అయింది" అని వస్తుంది. టేబుల్ తెరిస్తే రికార్డు ఉండదు. లాగ్ అంతా గాలించినా ఒక్క ఎర్రర్ దొరకదు.

ముందు ఖాళీ క్యాచ్ బ్లాకుల కోసం వెతకండి. ఎక్సెప్షన్‌ని (కోడ్ నడుస్తుండగా వచ్చే ఎర్రర్‌ని) పట్టుకుని, లాగ్‌లో రాయకుండా, మళ్లీ పైకి విసరకుండా వదిలేసిన చోటు సాధారణంగా ఒకటి దొరుకుతుంది. అక్కడ ఏం చేయాలో తెలియకపోతే అసలు పట్టుకోకండి, పైనున్న మెథడ్‌కి వెళ్లనివ్వండి.

అలాంటిదేమీ లేకపోతే ఫైనల్లీ బ్లాక్ (ట్రైలో ఎర్రర్ వచ్చినా రాకపోయినా చివర్లో నడిచే కోడ్) చూడండి. నన్ను రెండు రోజులు తిప్పింది ఇదే. ట్రైలో ఇన్సర్ట్ దగ్గర ఎస్‌క్యూఎల్ ఎక్సెప్షన్ వస్తోంది. క్యాచ్ లేదు, కాబట్టి అది పైకి రావాలి. కానీ ఫైనల్లీలో కనెక్షన్ మూసే యుటిలిటీ మెథడ్‌ని పిలిచి, దాని కిందే "రిటర్న్ ట్రూ" అని రాసి ఉంది. ఫైనల్లీలో రిటర్న్ ఉంటే, అప్పటికే బయల్దేరిన ఎక్సెప్షన్‌ని జావా పారేస్తుంది. పిలిచినవాళ్లకు ట్రూ ఒక్కటే చేరుతుంది. ఇది బగ్ కాదు, భాష నియమమే. దీన్ని పట్టించే గుర్తు ఒకటుంది: క్యాచ్ లేదు, మెథడ్ పేరు పక్కన త్రోస్ (ఈ ఎక్సెప్షన్ బయటికి రావచ్చని చెప్పే మాట) కూడా లేదు, అయినా కోడ్ కంపైల్ అయిపోతుంది. ఎక్సెప్షన్ బయటికి రాదని కంపైలర్‌కి ముందే తెలుసు కాబట్టి త్రోస్ అడగదు.

పరిష్కారం: ఆ రిటర్న్‌ని ట్రై చివరికి మార్చండి. 2011లో జావా 7తో వచ్చిన ట్రై-విత్-రిసోర్సెస్ (కనెక్షన్ లాంటివాటిని తనే మూసే ట్రై) వాడితే ఫైనల్లీ అవసరమే తగ్గుతుంది. క్లోజ్ చేసేటప్పుడు మరో ఎక్సెప్షన్ వచ్చినా అసలుదే పైకి వస్తుంది, రెండోది దానికి సప్రెస్డ్‌గా అంటుకుని ఉంటుంది. జావా కంపైలర్ జావాక్‌కి ఎక్స్‌లింట్ ఆప్షన్ ఇస్తే ఇలాంటి ఫైనల్లీల మీద వార్నింగ్ వస్తుంది.

సమస్య: లాగ్‌లో ఎర్రర్ ఉంది, కానీ "సేవ్ కాలేదు: నల్" అని తప్ప ఏమీ అర్థం కాదు.

పాత ఎక్సెప్షన్ నుంచి గెట్‌మెసేజ్ మాత్రం తీసుకుని, కొత్తది తయారుచేసి విసిరి ఉంటారు. అసలు ఏ లైనులో పగిలిందో ఆ సమాచారం అక్కడితో పోయింది. కొత్త ఎక్సెప్షన్‌కి మెసేజ్‌తో పాటు పాత ఎక్సెప్షన్‌నే రెండో ఆర్గ్యుమెంట్‌గా ఇవ్వండి. అప్పుడు లాగ్‌లో "కాజ్డ్ బై" అన్న లైను వస్తుంది. అవి చాలా ఉంటే అన్నిటికన్నా కిందిదే ముందు చదవండి.

సమస్య: నల్ పాయింటర్ ఎక్సెప్షన్ అన్న పేరు మాత్రమే వస్తోంది, కింద స్టాక్ ట్రేస్ (ఏ మెథడ్‌లో, ఏ లైనులో పగిలిందో చూపే జాబితా) లేదు.

ఒకే చోట అదే ఎక్సెప్షన్ పదేపదే వస్తే హాట్‌స్పాట్ జేవీఎం (జావా కోడ్‌ని నడిపే ప్రోగ్రామ్) ట్రేస్ రాయడం మానేస్తుంది. పాత లాగ్ ఫైళ్లలో వెనక్కి వెళ్లండి, మొదట్లో వచ్చిన వాటికి పూర్తి ట్రేస్ ఉంటుంది.

సమస్య: థ్రెడ్ పూల్‌కి (పనులను పక్కన నడిపే థ్రెడ్‌ల గుంపుకి) ఇచ్చిన పని చప్పుడు లేకుండా ఆగిపోతోంది.

సబ్మిట్‌తో పంపి ఉంటారు. ఎక్సెప్షన్ ఫ్యూచర్‌లో (ఫలితం కోసం సబ్మిట్ తిరిగి ఇచ్చే ఆబ్జెక్ట్‌లో) దాగి ఉంటుంది, గెట్ పిలిస్తేనే బయటికొస్తుంది. గెట్ పిలిచే ఉద్దేశం లేకపోతే, ఆ పని లోపలే పట్టుకుని లాగ్ చేయండి.