గుద్దుకున్న కారుని మళ్ళీ స్టార్ట్ చెయ్యకండి

విజయవాడ ఆటోనగర్‌లో నాది టింకరింగ్ షెడ్డు. ఇరవై రెండేళ్లుగా దెబ్బతిన్న కార్లే నా బతుకుతెరువు. బంపర్ ఊడిన తీరు చూసి ఎవరు ఎటు నుంచి వచ్చి కొట్టారో చెప్పగలను. అలాంటి నేను నా సొంత కారు గుద్దుకున్నరోజు అందరికీ చెయ్యొద్దని చెప్పే పనే చేశాను. ముందు ఆ ముచ్చట చెప్పేస్తాను.

సంక్రాంతికి నాలుగు రోజుల ముందు సూర్యాపేటలో మా చెల్లెలి ఇంటి నుంచి తెల్లవారుజామున నేనూ మా బావమరిదీ బయల్దేరాం. నందిగామ దాటేసరికి మంచు కమ్మేసింది. ఎదర పత్తి లోడు ట్రాక్టర్. వెనక ఎర్ర లైటు లేదు, రేడియం స్టిక్కర్ లేదు. బ్రేకు మీద నిలబడ్డాను కానీ ఆగలేదు. దెబ్బలేమీ తగల్లేదు, బానెట్ మాత్రం గుడారంలా లేచింది. "బండి నడిరోడ్డు మీదుంది బావా, స్టార్ట్ చేసి పక్కకి తీసెయ్" అన్నాడు వాడు. తాళం తిప్పితే స్టార్టయింది. పక్కకి తీసి ఊరుకున్నా సరిపోయేది. ఎలాగూ నడుస్తోంది కదా అని కిలోమీటరున్నర దూరంలో ఉన్న ధాబా దాకా తోలాను. ఇంజిన్‌ని చల్లబరిచే కూలెంట్ తియ్యటి వాసన ముక్కుకి కొడుతూనే ఉంది. రేడియేటర్ పగిలిందని నాకు తెలీకా కాదు. ధాబా ముందు ఇంజిన్ వేడెక్కి పట్టేసింది.

బాడీ పనికి ఇన్సూరెన్స్ వచ్చింది. ఇంజిన్‌కి రూపాయి రాలేదు. నష్టం లెక్కగట్టడానికి ఇన్సూరెన్స్ తరఫున వచ్చే సర్వేయర్‌ది తప్పు కాదు. ప్రమాదం తర్వాత రిపేరు చేయించకుండా తోలితే పెరిగిన నష్టం మనదేనని పాలసీ షరతుల్లోనే రాసి ఉంటుంది. 68 వేలు చేతి నుంచి పెట్టుకున్నాను. అందుకే చెప్తున్నా, ముందు భాగం కొట్టుకున్న కారుని మళ్ళీ స్టార్ట్ చెయ్యకండి. గేరు న్యూట్రల్‌లో పెట్టి నలుగురూ కలిసి తొయ్యండి. చక్రం ఇరుక్కుని కదలకపోతే అక్కడే వదిలెయ్యండి. టోయింగ్ బండి వచ్చి ఎత్తుకుపోతుంది.

కానీ కారు సంగతి రెండోది. ముందు మనుషులు.

హైవే మీద మొదటి దెబ్బ కన్నా రెండో దెబ్బకే భయపడాలి. గుద్దుకున్నాక జనం దిగి, రెండు బండ్ల మధ్య నిలబడి, ఎంత లోపలికి పోయిందని వంగి చూస్తారు. వెనక నుంచి వచ్చే లారీకి ఇదంతా కనపడదు. నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి మెరిసే హజార్డ్ లైట్లు వెయ్యండి, నడవగలిగిన వాళ్లందర్నీ రోడ్డు అంచున రెయిలింగ్ అవతలికి పంపించండి, డిక్కీలో ఉన్న ఎర్ర ముక్కోణం బోర్డు తీసి బాగా వెనక్కి నడిచి పెట్టండి. బోర్డు పట్టుకుని వెళ్లేటప్పుడు వచ్చే బండ్ల వైపు చూస్తూ, తారు రోడ్డు దిగి నడవాలి. బోర్డు లేకపోతే చెట్టు కొమ్మ. మన లారీ డ్రైవర్లందరికీ అర్థమయ్యే భాష అది.

దెబ్బ తగిలిన వాళ్లుంటే 108కి ఫోన్ చెయ్యండి. నేషనల్ హైవే మీదైతే 1033 కూడా. వాళ్లకి అంబులెన్సూ, క్రేనూ, పెట్రోలింగ్ బండీ ఉంటాయి. ఎక్కడున్నారని అడిగితే "ఏదో బంకు దగ్గర" అనకుండా రోడ్డు పక్క కిలోమీటరు రాయి మీద అంకె చదివి చెప్పండి. మెడనొప్పి అన్న మనిషిని మంటలో, ఎదురు ట్రాఫిక్‌లో ఉంటే తప్ప లాగకండి. నీళ్లు తాగించడం మనవాళ్లకి అలవాటు, అదీ వద్దు. ఆపరేషన్ పడొచ్చు, స్పృహ తప్పితే ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఏమీ కాలేదన్నవాళ్లకి కూడా ఆ సాయంత్రం కడుపునొప్పో, తలతిప్పో వస్తే ఆసుపత్రికి తీసుకెళ్లండి. సీటు బెల్టు పట్టి ఆపిన చోట లోపల దెబ్బ తగిలి ఉండొచ్చు.

డబ్బు కోసం ఆగకండి. 2025 మే నుంచి అమల్లో ఉన్న కేంద్ర పథకం ప్రకారం రోడ్డు ప్రమాదంలో గాయపడ్డ ఎవరికైనా ఎంపిక చేసిన ఆసుపత్రుల్లో ఏడు రోజుల వరకు, 1.5 లక్షల దాకా డబ్బు కట్టకుండా వైద్యం అందుతుంది. దారిన పోయేవాళ్లు ఎత్తుకెళ్లి చేర్పిస్తే పోలీసులు వాళ్లని సాక్ష్యానికి రమ్మని బలవంతపెట్టకూడదు, పేరు చెప్పమని ఒత్తిడి చెయ్యకూడదు. మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్ అందుకే పెట్టారు.

మీ కారు వల్ల ఎవరికైనా దెబ్బ తగిలి జనం మీ మీదికి వస్తున్నారనుకోండి. పారిపోవడం వేరు, ప్రాణం కాపాడుకోవడం వేరు. గాయపడ్డవాళ్లకి వైద్యం అందించడం డ్రైవర్ బాధ్యత అంటూనే, జనాగ్రహం వల్ల వీలుకాకపోతే తప్ప అని ఆ చట్టమే ఒక మాట చేర్చింది. అలాంటప్పుడు 112కి ఫోన్ చేసి, దగ్గరున్న పోలీస్ స్టేషన్‌కో టోల్ ప్లాజాకో వెళ్లి జరిగింది చెప్పండి. పోలీసులకి చెప్పడం ఎట్టి పరిస్థితుల్లో 24 గంటలు దాటనివ్వకూడదు.

ఇక ఫోటోలు. నా దగ్గరకొచ్చేవాళ్లు పగిలిన లైటుని మాత్రం దగ్గర నుంచి పది ఫోటోలు తీసి తెస్తారు. అది నాకు షెడ్డులోనే కనపడుతుంది. రోడ్డు మీద తప్ప ఇంకెక్కడా దొరకనివి తియ్యండి: రెండు బండ్లూ నంబర్లతో ఒకే ఫోటోలో, బ్రేకు గీతలు, చెల్లాచెదురైన గాజు, ఎదుటి డ్రైవర్ లైసెన్సు. నా విషయంలో ట్రాక్టర్‌కి లైటు లేదన్న సంగతి ఫోటో ఉండబట్టే నిలిచింది. తర్వాత వీడియో తీస్తూ ఎక్కడ, ఎన్ని గంటలకు, ఏం జరిగిందో మీ గొంతుతోనే చెప్పండి. రెండు రోజులు పోతే మీకే గుర్తుండదు. ఎదుటి బండికి ఇన్సూరెన్స్ ఉందో లేదో ఎంపరివాహన్ యాప్‌లో నంబర్ కొడితే వస్తుంది.

అక్కడ పెద్దమనుషులు చేరతారు. "ఏముంది తమ్ముడూ, ఓ ఐదు వేలు ఇచ్చేసి వెళ్లిపో" అంటారు. గీతలు పడ్డంత వరకే అయితే సరే. మనిషికి దెబ్బ తగిలితే మాత్రం తప్పు నాదేనని కాగితం మీద రాసివ్వకండి, ఫోన్‌పే కొట్టి వెళ్లిపోకండి. మా కస్టమర్ ఒకాయన అలా ఐదు వేలు కొట్టి వచ్చేశాడు. నెల రోజులకి కాలు విరిగిందని కేసు పడింది, ఆ ఐదు వేల మెసేజే ఒప్పుకోలులా చూపించారు. స్టేషన్‌కి వెళ్లి ఉంటే ఎదుటివాళ్ల నష్టానికి ఉండే థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ చూసుకునేది. మనం ఏటా కట్టేది దానికే కదా.

కేసు అయితే కారుని స్టేషన్‌లో పెడతారు. మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసి రిపోర్టు ఇచ్చేదాకా కదలదు. సామాన్లు, కాగితాలు తీసేసుకుని, కిలోమీటర్ల రీడింగ్ ఫోటో తీసి పెట్టుకోండి.

ఇన్సూరెన్స్‌కి ఆ రోజే ఫోన్ చేసి క్లెయిమ్ నంబర్ తీసుకోండి. నడిపింది ఎవరో నిజం చెప్పండి. మీ అబ్బాయి నడిపినా పరవాలేదు, లైసెన్సు ఉంటే చాలు. ఇన్సూరెన్స్ బండికి ఉంటుంది. అబద్ధం చెప్పి, టోల్ కెమెరాలో అబ్బాయి ముఖం బయటపడ్డాక నా దగ్గర ఏడ్చినవాళ్లున్నారు. సర్వేయర్ చూడకముందు వేలాడుతున్న బంపర్ కూడా పీకకండి. విప్పాక లోపల ఇంకేమైనా కనపడితే మళ్ళీ పిలిపించి చూపించాలి. ఆ రెండోసారి పిలవడానికి బద్ధకించే షెడ్డువాడి దగ్గర బండి పెట్టకండి.

బిల్లులో ఎంత వస్తుందన్నది ముందే లెక్క వేసుకోండి. తరుగు కొయ్యకుండా ఇచ్చే జీరో డెప్ పాలసీ లేకపోతే ప్లాస్టిక్, రబ్బరు సామాన్లకి సగమే ఇస్తారు. గాజుకి కోత ఉండదు. 1500 సీసీ లోపు కారుకి వెయ్యి, ఆపైన రెండు వేలు మీరు తప్పనిసరిగా భరించాలి. చిన్న దెబ్బలకి క్లెయిమ్ పెట్టొద్దని నేనే చెప్తాను. మీ సొంత కారు నష్టం కోసం కట్టే ప్రీమియం 12 వేలు, వచ్చే ఏడాది మీకు అందులో 45 శాతం నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ పెట్టనందుకు తగ్గింపు, రావాలి అనుకుందాం. అంటే 5,400 మిగలాలి. 4,500 బిల్లుకి క్లెయిమ్ పెడితే వెయ్యి పోను 3,500 వస్తుంది, బోనస్ సున్నా అవుతుంది. పైగా మళ్ళీ 20 శాతం నుంచి మెట్లెక్కాలి.

బండి తీసుకునేటప్పుడు రంగు చూసి మురిసిపోకండి. ఖాళీ రోడ్డు మీద తోలి ఓ వైపుకి లాగుతోందా చూడండి. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుని ఉంటే దాంతోపాటు సీటు బెల్టు కూడా మార్చారా, పాతది చూపించమని అడగండి. గట్టిగా లాగి ఆపిన బెల్టు రెండోసారి పని చెయ్యకపోవచ్చు. చీకటి పడ్డాక ఒక గోడ ముందు ఆపి హెడ్‌లైట్లు వెయ్యండి, రెండు వెలుగులూ ఒకే ఎత్తులో పడాలి. మా కుర్రాళ్లు హడావిడిలో మర్చిపోయేది ఎక్కువగా అదే.