ముందు తలుపులు, ఆ తర్వాతే యాంప్: 20 వేలల్లో కారు సౌండు

రణస్థలం దాటాక హైవే మీద ఎనభైలో పోతూ తప్పెటగుళ్ల పాట ఒకటి పెట్టి చూడండి. గొంతు వినిపిస్తుంది, గజ్జెలు వినిపిస్తాయి, తప్పెట మోత మాత్రం టైర్ల హోరులో కలిసిపోతుంది. వాల్యూమ్ పెంచితే డోర్ ప్యాడ్ జరజరమంటుంది. సరిగ్గా ఇక్కడే చాలామంది షాపుకెళ్లి పెద్ద యాంప్ (యాంప్లిఫయర్), లోతైన మోతకి పెద్ద బేస్ ట్యూబ్ అడుగుతారు. జరజరమనే తలుపుకి వంద వాట్లు ఇస్తే ఇంకా గట్టిగా జరజరమంటుంది, అంతే.

చేతిలో 20 వేలుంటే సుమారుగా ఇలా పంచుకోండి: రేకు అదురు ఆపే డ్యాంపింగ్ షీట్లకి 3 వేలు, ముందు తలుపుల కాంపొనెంట్ స్పీకర్లకి (పెద్ద స్పీకర్, సన్న శబ్దాల ట్వీటర్ విడివిడిగా ఉండేవి) 6 వేలు, నాలుగు ఛానెళ్ల యాంప్‌కి 8 వేలు, వైర్లు, ఫ్యూజు, లగ్గులకి (వైరు కొసకి వేసే రింగులు) 3 వేలు. ధరలు అటూ ఇటూ అవుతాయి, వరస మాత్రం మార్చకండి. వెనక స్పీకర్లకి పైసా పెట్టక్కర్లేదు. డబ్బు ఒకేసారి కుదరకపోతే షీట్లూ స్పీకర్లూ ఇప్పుడు, యాంప్ సంక్రాంతికి.

తలుపు పని

స్పీకర్‌కి తలుపే డబ్బా. కోన్ (స్పీకర్‌లో కదిలే గరాటు) ముందుకి తోసిన గాలి, వెనక్కి తోసిన గాలి ఎక్కడ కలిస్తే అక్కడ బేస్ చచ్చిపోతుంది. డోర్ ప్యాడ్ విప్పితే లోపలి రేకుకి చెయ్యి దూరేంత కన్నాలుంటాయి, వాటి మీద పల్చటి ప్లాస్టిక్ కాగితం తప్ప ఏమీ ఉండదు. బేస్ పోతున్నది అక్కడే.

హ్యాండిల్ దగ్గరా, ఆర్మ్‌రెస్ట్ లోపలా దాగున్న స్క్రూలు ముందు తీయండి. తర్వాత ప్లాస్టిక్ పట్టీతో కింది అంచు నుంచి క్లిప్పులు ఊడదీసి, ప్యాడ్‌ని పైకి లేపండి. విసురుగా లాగితే లాక్ కేబులో, పవర్ విండో కప్లరో తెగుతుంది. రెండు మూడు క్లిప్పులు ఎలాగూ విరుగుతాయి, పది ముందే కొని పెట్టుకోండి.

షీటు 2 మి.మీ. బ్యూటైల్ రబ్బరుది కావాలి. ఇంటి కప్పుకి వేసే తారు టేపు వద్దు, మే నెల ఎండకి మెత్తబడి కంపు కొడుతూ జారుతుంది. రెండు ముందు తలుపులకి 16 నుంచి 20 చదరపు అడుగులు సరిపోతుంది. రేకు దుమ్ము, జిడ్డు లేకుండా తుడిచాక స్పీకర్ వెనకున్న బయటి రేకుకి ముందు అతికించండి. రోలర్‌తో షీటు పైపొర అల్యూమినియం మీది గళ్లు చదునయ్యేదాకా నొక్కాలి, పైపైన అద్దితే వర్షాకాలానికి ఊడుతుంది. తర్వాత లోపలి రేకు కన్నాలు మూయండి. తలుపు అడుగున నీళ్లు కారే కన్నాలు మాత్రం మూయకండి, లోపల నీళ్లు నిలిచి తుప్పు రేకుని తినేస్తుంది. మధ్యమధ్యలో అద్దం దించి ఎత్తి చూడండి. వేలి కణుపులతో రేకు మీద కొడితే ముందు టంగుమనేది ఇప్పుడు దబ్బుమనాలి.

స్పీకర్లు

డబ్బా మీద 300 వాట్లని రాస్తే నమ్మకండి, ఆర్‌ఎంఎస్ (నిలకడగా తట్టుకునే వాట్లు) చూడండి. 50 నుంచి 60 వాట్ల ఆర్‌ఎంఎస్, 90 డెసిబెల్స్‌కి తగ్గని సెన్సిటివిటీ (ఇచ్చిన పవర్‌కి ఎంత గట్టిగా మోగుతుందన్న లెక్క) ఉంటే చాలు. కొనే ముందు కన్నం వెడల్పూ, అద్దం పూర్తిగా దించినప్పుడు దొరికే లోతూ స్కేలుతో కొలవండి. కొలవకుండా తెస్తే అయస్కాంతం అద్దానికి తగులుతుంది. మన సముద్రపు గాలికి కాగితం కోన్ కన్నా పాలీప్రొపైలిన్ కోన్ మేలు. కింద వేసే రింగు కూడా ప్లాస్టిక్‌దే తీసుకోండి, చెక్క పొట్టుతో చేసినది వానకి ఉబ్బుతుంది. ప్లస్, మైనస్ అనుమానంగా ఉంటే పెన్ సెల్ వైర్లకి క్షణం తాకించండి. కోన్ ముందుకి వస్తే సెల్ ప్లస్ తగిలిందే స్పీకర్ ప్లస్. ఒక పక్క తిరగబడితే బేస్ మాయమవుతుంది. చాలామంది స్పీకర్‌ని తిట్టేది ఈ పొరపాటుకే.

యాంప్, వైర్లు

స్టీరియో మీద 50×4 అని ఉన్నా, అది నిలకడగా ఇచ్చేది ఛానెల్‌కి 15 నుంచి 20 వాట్లే. ఛానెల్‌కి 50 వాట్ల ఆర్‌ఎంఎస్ యాంప్ చాలు. నాలుగు కలిపి 200 వాట్లు. పాత పద్ధతి క్లాస్ ఏబీ యాంప్ లాగేది దాదాపు 25 ఆంపియర్లు, కరెంటు తక్కువ వృథా చేసే క్లాస్ డీ అయితే 18. దీనికి 8 గేజ్ రాగి వైరు సరిపోతుంది. వైరు పోగుని చాకుతో గీకండి. లోపల తెల్లగా కనిపిస్తే అది రాగి పూసిన అల్యూమినియం, ఇంకా లావైన 4 గేజ్ తీసుకోవాల్సిందే. ఫ్యూజు బ్యాటరీ నుంచి 45 సెం.మీ. లోపే ఉండాలి. ఫ్యూజు కాపాడేది వైరుని, యాంప్‌ని కాదు. ఇంజను గోడలోంచి వైరు తెచ్చేచోట రబ్బరు బుష్ వేయకపోతే రేకు అంచు దాన్ని కోసేస్తుంది, ఆ తర్వాత మంటే.

ఎర్త్ వైరు కూడా అంతే లావు, 45 సెం.మీ.కి మించకూడదు. సీటు బెల్టు బోల్టు జోలికి పోకండి. వేరే బోల్టు దగ్గర పెయింట్ గరుకు కాగితంతో గీకి, రేకు మెరిశాకే లగ్గు బిగించండి. పవర్ వైరు ఒక పక్క, స్టీరియో నుంచి యాంప్‌కి పాట తెచ్చే ఆర్‌సీఏ వైర్లు మరో పక్క. కంపెనీ టచ్ స్క్రీన్ మార్చడం ఇష్టం లేకపోతే హై లెవెల్ ఇన్‌పుట్ (స్పీకర్ వైర్ల నుంచే పాట తీసుకునేది) ఉన్న యాంప్ అడగండి.

తర్వాత వెనక రెండు ఛానెళ్లు బ్రిడ్జ్ చేసి (రెంటినీ ఒకటిగా కలిపి) సబ్‌వూఫర్, అంటే బేస్ స్పీకర్, పెట్టుకోవచ్చు. అప్పుడు దాని నిరోధం 4 ఓమ్స్‌కి తగ్గకూడదు. 4+4 డ్యూయల్ కాయిల్ (రెండు తీగ చుట్లున్న) సబ్‌వూఫర్‌ని పక్కపక్కన, ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్ కలిపితే 2 ఓమ్స్ అవుతుంది, యాంప్ ప్రొటెక్ట్ లైటు వెలిగించి కూర్చుంటుంది.

గెయిన్

యాంప్ మీది గెయిన్ వాల్యూమ్ నాబ్ కాదు, స్టీరియో సిగ్నల్‌కి యాంప్‌ని సరిపోల్చేది. స్పీకర్ వైర్లు విప్పి, బేస్ బూస్ట్ తీసేసి, స్టీరియో వాల్యూమ్ ముప్పావు వంతుకి పెట్టి 1 కిలోహెర్ట్జ్ టోన్ వేయండి. యాంప్ స్పీకర్ వైర్ల చోట మల్టీమీటర్ ఏసీలో 14 వోల్టులు చూపేదాకా గెయిన్ మెల్లగా తిప్పండి. 50 వాట్లని 4 ఓమ్స్‌తో గుణిస్తే 200, దాని వర్గమూలమే ఆ 14. వైర్లు కలిపాక తలుపు స్పీకర్లకి హైపాస్ (మరీ లోతు శబ్దాల్ని ఆపే ఫిల్టర్) 80 హెర్ట్జ్ దగ్గర పెట్టండి.

1919 నుంచి సంగీత కళాశాల నడుస్తున్న విజయనగరం వాళ్లకి ట్వీటర్ ఎలా సరిచూడాలో చెప్పక్కర్లేదు, ఒక ఫిడేలు కచేరీ పెట్టండి. కమాను గీత చెవికి గుచ్చుకుంటే క్రాస్‌ఓవర్ (శబ్దాల్ని ట్వీటర్‌కీ పెద్ద స్పీకర్‌కీ పంచే చిన్న డబ్బా) మీది జంపర్‌ని 0 నుంచి −3కి మార్చండి.

యాక్సిలేటర్‌తో పాటు పెరిగే కూత వస్తే యాంప్ మార్చకండి, ముందు ఎర్త్ బోల్టు విప్పి చూడండి. కళింగపట్నం, బారువ వైపు కార్లకైతే ఆ లగ్గు కింద ఏడాదికల్లా పచ్చటి పొడి పేరుకుంటుంది. గీకి, కాస్త గ్రీజు రాసి మళ్లీ బిగించండి.