జీను ఎందుకు జారిందంటే

రికాబులో ఎడమ కాలు పెట్టి పైకి లేచిన ప్రతిసారీ జీను నా మీదికే ఒరిగేది. రెండుసార్లు ఇసుకలో పడ్డాక నా బరువే కారణమనుకున్నాను. అసలు దొంగ గుర్రమే! పొట్ట కింది పట్టీ బిగించేటప్పుడు ఛాతీ పొంగించేది. నాలుగడుగులు వేశాక వదిలేసేది. పట్టీ వదులైపోయేది.

“ఒక్కసారిగా లాగకు బాబూ, నొప్పి గుర్తుపెట్టుకుని ఇంకా పొంగిస్తుంది” అన్నాడు గుర్రాలు చూసుకునే తాత. ఇప్పుడు ముందుగా పట్టీ పడేచోట మట్టి దులుపుతాను, లేకపోతే ఒరుసుకుని పుండు పడుతుంది. ఒక్కో రంధ్రం చొప్పున బిగిస్తాను. కాసేపు నడిపించి మళ్ళీ చూస్తాను: పట్టీ కింద 2 వేళ్ళు కాస్త కష్టంగా దూరాలి. ఎక్కడం కూడా నేల మీంచి కాదు, ఎత్తుపీట మీంచే.

నెల రోజులుగా పడలేదు. గుర్రం మాత్రం నేను పట్టీ అందుకోగానే ఇప్పటికీ ఛాతీ పొంగిస్తూనే ఉంది.