కోత మిషన్ పట్టే ముందు ఒంటి మీద ఏముండాలి

దేవరకొండలో నాది మిషన్లు బాగుచేసే షాపు. మందు కొట్టే పంపులు, గడ్డి కోసే మిషన్లు, చిన్న ఇంజన్లు అన్నీ వస్తాయి. ఈమధ్య అన్నిటికన్నా ఎక్కువ వస్తున్నవి చెట్లు కోసే చైన్ మిషన్లు. ఎండిపోయిన బత్తాయి తోటలు తీసేసేవాళ్లు, చెరువు కట్టల మీద సర్కారు తుమ్మ కొట్టేవాళ్లు, బొగ్గు బట్టీల వాళ్లు, గట్టు మీది వేపచెట్టు కొమ్మలు సొంతంగా కొట్టుకునే రైతులు, అందరి చేతుల్లోనూ అవే. కొనేటప్పుడు ఇంజన్ ఎన్ని సీసీలు, బార్, అంటే చైన్ తిరిగే పొడవాటి పట్టీ, ఎన్ని అంగుళాలు అని అడుగుతారు. కాళ్లకు ఏం వేసుకోవాలని అడిగేవాళ్లు అరుదు. నా దగ్గర మిషన్ తీసుకునే ప్రతి ఒక్కరినీ కూర్చోబెట్టి చెప్పే మాటలే ఇక్కడ రాస్తున్నాను.

మొదట కాళ్ల సంగతి. చైన్ మిషన్‌తో దెబ్బలు ఎక్కువగా తగిలేది కాళ్లకే, ముఖ్యంగా తొడకు, మోకాలికి. కోత అయిపోగానే మిషన్ బరువుకు చేతులు కిందికి దిగుతాయి, చైన్ ఇంకా తిరుగుతూనే ఉంటుంది, ఎదురుగా ఉండేది ఎడమ తొడ. ఫుల్ రేసులో చైన్ సెకనుకు దాదాపు 20 మీటర్లు పరిగెడుతుంది. మనం చూసి, తెలుసుకుని, చేయి వెనక్కి తీసేలోపు జరగాల్సింది జరిగిపోతుంది. పైగా ఇది కత్తి గాటులా సన్నగా తెగదు. ఒక్కో పన్ను కండను చెక్కుకుంటూ పోతుంది, గాయంలోకి ఆయిలు, రంపపు పొట్టు దిగుతాయి. జీన్స్ ప్యాంటు మందంగా ఉంది కదా అంటారు. జీన్స్‌ను ఈ చైన్ లెక్కచేయదు. ఇక లుంగీ పైకి కట్టి మిషన్ పట్టేవాళ్లను చూస్తే నాకు నిజంగా భయమేస్తుంది.

దీనికోసమే చేసిన సేఫ్టీ ప్యాంటు ఒకటుంది. పైన మామూలు గుడ్డ, లోపల పొరలు పొరలుగా పొడవాటి గట్టి పోగులు ఉంటాయి. చైన్ తగలగానే పైగుడ్డ చిరుగుతుంది, లోపలి పోగులు బయటికి లాగబడి చైన్‌తో పాటే ఇంజన్ పక్కనున్న స్ప్రాకెట్ (చైన్‌ను తిప్పే పళ్ల చక్రం) దాకా పోయి అక్కడ చుట్టుకుంటాయి. బండి చక్రంలో చున్నీ పడితే చక్రం ఎట్లా బిగుసుకుంటుందో, ఇక్కడ చైన్ అట్లా బిగుసుకుని ఆగిపోతుంది. అంటే ఈ ప్యాంటు చేసే పని కోతను అడ్డుకోవడం కాదు, మిషన్‌ను ఆపడం.

ఇది నేను కళ్లారా చూశాను. హాలియా వైపు నుంచి ఒక తమ్ముడు మిషన్ పట్టుకొచ్చి, "అన్నా, చైన్ తిరుగుతలేదు, లోపల ఏదో చుట్టుకుంది" అన్నాడు. సైడ్ కవర్ విప్పితే స్ప్రాకెట్ చుట్టూ తెల్లటి పోగులు ఉండకట్టి ఉన్నాయి. పట్టకారుతో లాగుతుంటే వస్తూనే ఉన్నాయి. అప్పుడు సంచిలోంచి ప్యాంటు తీసి చూపించాడు. తొడ మీద జానెడు చిరుగు. కాలి మీద చిన్న గీత కూడా లేదు. "ఇది టైలర్ దగ్గర కుట్టిస్తే మళ్ల నడుస్తదా అన్నా?" అని అడిగాడు. నడవదు. పోగులు లాగబడిన చోట ఇక ఆపే శక్తి ఉండదు, పైన ఎంత అందంగా కుట్టినా లోపల ఖాళీయే. ఒక్కసారి చైన్ తగిలి పోగులు బయటికొస్తే దాని పని అయిపోయినట్టే, కొత్తది కొనాలి. చవక మిషన్ ఒకటి కొన్నంత డబ్బు అవుతుందని చాలామంది వెనకాడతారు. ఒక్క రోజు ఆసుపత్రి బిల్లు దాన్ని దాటుతుంది.

కొనేటప్పుడు లేబుల్ చూడండి. చైన్‌సా కోసం చేసినదని యూరప్ ప్రమాణం ఈఎన్ 381 లేదా కొత్త ప్రమాణం ఈఎన్ ఐఎస్ఓ 11393 అని రాసి ఉండాలి, చిన్న మిషన్ బొమ్మ ఉండాలి. క్లాస్ 1 అంటే సెకనుకు 20 మీటర్ల వేగం దాకా పరీక్షించారని అర్థం, క్లాస్ 2 అంటే 24 మీటర్లు. మన పొలాల పనికి వాడే మిషన్లకు సాధారణంగా క్లాస్ 1 సరిపోతుంది. టైప్ ఏ అంటే కాళ్ల ముందువైపు రక్షణ, టైప్ సీ అంటే చుట్టూ రక్షణ. బ్యాటరీ మిషన్ వాడేవాళ్లు ఒక సంగతి తెలుసుకోవాలి. ఆ మోటారు తక్కువ వేగంలోనూ బలంగా తిప్పుతుంది కాబట్టి పోగులు చిక్కుకున్నా పెట్రోలు ఇంజన్ ఆగినంత కచ్చితంగా ఆగకపోవచ్చు. అందుకని ప్యాంటు మానేయమని కాదు, దాని మీదే భారం వేయొద్దని.

ఇప్పుడు అందరూ అడిగే ప్రశ్న. "గీ ఎండల గదంత ఎవరేసుకుంటరన్నా?" న్యాయమైన ప్రశ్నే. మే నెలలో నల్గొండలో 44 డిగ్రీలు దాటడం మనకు కొత్త కాదు. ఈ ప్యాంట్లు చలి దేశాల అడవి పని కోసం తయారైనవి. మధ్యాహ్నం పన్నెండింటికి అవి వేసుకుని తుమ్మ కొడితే వడదెబ్బ తగులుతుంది, అందులో అనుమానం లేదు. కానీ దానికి మందు ప్యాంటు విప్పడం కాదు, పని వేళ మార్చడం. తెల్లారి వెలుతురు రాగానే మొదలుపెట్టి తొమ్మిదిన్నర, పదికల్లా మిషన్ ఆపేయండి. మళ్లీ సాయంత్రం నాలుగున్నర తర్వాత, చీకటి పడేలోపు. మధ్యలో కొట్టిన కొమ్మలు గొడ్డలితో సవరించుకోవడం, కట్టె పేర్చుకోవడం చెట్టు నీడన చేసుకోవచ్చు, అప్పుడు ఈ బట్టలు అక్కర్లేదు. కూలి రోజు లెక్కన మాట్లాడుకునే మేస్త్రీలు దీనికి ఒప్పుకోరు. పని లెక్కన, అంటే తోటకు ఇంత అని గుత్తకు మాట్లాడుకుంటే వేళలు మీ చేతిలో ఉంటాయి.

ఇంకో ఉపాయం, పూర్తి ప్యాంటు బదులు చాప్స్ తీసుకోవడం. ఇవి మామూలు ప్యాంటు మీద ముందు భాగానికి కట్టుకునేవి, వెనక పట్టీలు, క్లిప్పులు ఉంటాయి. వెనకంతా గాలి ఆడుతుంది, నీళ్లు తాగడానికి కూర్చున్నప్పుడు రెండు నిమిషాల్లో విప్పేయొచ్చు. మన ఎండకు ఇదే నయమని నా అభిప్రాయం. కాకపోతే క్లిప్పులు అన్నీ పెట్టాలి. కింద రెండు వదిలేస్తే చాప్స్ పక్కకు తిరిగిపోతాయి, కంపకు పట్టుకుంటాయి. పొడవు బూటు మీదికి రావాలి. లోపల పలుచని నూలు ప్యాంటు, పైన పొడవు చేతుల నూలు చొక్కా, అది లోపలికి దోపుకుని. మెడలో తువాల, చేతికి కడియం, వదులుగా వేలాడేది ఏదీ వద్దు. గంటకోసారి ఆగి ఉప్పేసిన మజ్జిగో, ఓఆర్ఎస్ నీళ్లో తాగండి. తల తిరిగినా, చెమట ఆగిపోయినా ఆ పూటకు మిషన్ ముట్టుకోవద్దు.

తలకు హెల్మెట్. బైక్ హెల్మెట్ పెట్టుకుని వచ్చేవాళ్లున్నారు, అది వద్దు. పైకి చూడటానికి రాదు, ఉక్క, పక్కన ఏముందో కనపడదు. మన దేశ ప్రమాణం ఐఎస్ 2925 గుర్తు ఉన్న పనివాళ్ల హెల్మెట్ కావాలి. ముఖం ముందు ఇనుప జాలీ, చెవులకు మఫ్‌లు కలిపి వచ్చే సెట్లు దొరుకుతాయి, అవే మేలు. జాలీ పొట్టును ఆపుతుంది కానీ సన్న దుమ్మును ఆపదు, కాబట్టి లోపల కళ్లద్దాలు కూడా. సర్కారు తుమ్మ కొట్టేవాళ్లకు అద్దాలు తప్పనిసరి, ఆ ముల్లు కంట్లో దిగితే చూపు పోవచ్చు. తోలు గ్లోవులు, ముందు స్టీలు ఉన్న ఐఎస్ 15298 బూట్లు. చెప్పులతో ఎవరినీ మిషన్ దగ్గరికి రానీయొద్దు, కట్టెలు ఏరేవాళ్లను కూడా.

చెవుల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇది నొప్పి లేకుండా జరిగే నష్టం. పెట్రోలు మిషన్ పట్టుకున్నవాడి చెవి దగ్గర చప్పుడు సాధారణంగా 100 డెసిబెల్స్ దాటుతుంది. అమెరికాలో పనివాళ్ల ఆరోగ్యం చూసే నియోష్ సంస్థ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ చప్పుడులో ఎనిమిది గంటలు ఉండొచ్చు, 3 పెరిగినప్పుడల్లా ఆ సమయం సగమవుతుంది. 100 దగ్గర మిగిలేది పావుగంట. మనవాళ్లు పూటంతా ఉత్త చెవులతో కోస్తారు. పాత కోతవాళ్లతో మాట్లాడి చూడండి, ప్రతి మాటా రెండుసార్లు చెప్పాలి. మఫ్‌లు పెట్టుకుంటే హెల్పర్ పిలుపు వినపడదు అంటారు. మిషన్ నడుస్తుంటే మఫ్‌లు లేకపోయినా వినపడదు. ముందే చేతి సైగలు మాట్లాడుకోండి: చేయి పైకెత్తితే ఆపు, రెండు చేతులు అడ్డంగా ఊపితే పారిపో. హెల్పర్ ఎప్పుడూ వెనక నుంచి వచ్చి భుజం తట్టకూడదు, కంటికి కనపడేలా ముందువైపు దూరంగా నిలబడి సైగ చేయాలి.

బట్టలు బాగున్నా మిషన్ బాగాలేకపోతే లాభం లేదు. నా దగ్గరికొచ్చే మిషన్లలో నేను మొదట చూసేది ముందు హ్యాండిల్ ఎదురుగా ఉండే ప్లాస్టిక్ గార్డు. చాలావాటికి అది విరిగిపోయి ఉంటుంది, లేదా అడ్డం వస్తోందని పీకేసి ఉంటారు. అది చేతికి అడ్డు పెట్టిన రేకు కాదు, చైన్ బ్రేకు. బార్ కొన మీది పైభాగం దేనికైనా తగిలిందంటే మిషన్ ఒక్కసారిగా పైకి లేచి ముఖం మీదికి తన్నుతుంది. కొమ్మల గుంపులో కోస్తున్నప్పుడు కొన ఎక్కడుందో కనపడక ఇదే జరుగుతుంది. ఆ తన్నులో చేయి గార్డుకు తగిలినా, ఆ విసురుకే గార్డు ముందుకు పడినా చైన్ ఆగుతుంది. గార్డు లేని మిషన్‌ను నేను రిపేరు చేసి ఇవ్వను, గార్డు వేయించుకుంటేనే ఇస్తాను. పని మొదలుపెట్టే ముందు రోజూ చూసుకోండి: రెండు చేతులతో గట్టిగా పట్టుకుని చైన్ తిప్పుతూ, హ్యాండిల్ వదలకుండా ఎడమ మణికట్టుతో గార్డును ముందుకు నెట్టండి. చైన్ వెంటనే ఆగాలి. జారుతూ ఆగితే షాపుకు తీసుకురండి.

పట్టుకోవడంలో ఎడమ బొటనవేలు ముఖ్యం. అది హ్యాండిల్ కింది నుంచి చుట్టి ఉండాలి, మిగతా వేళ్ల పక్కన పైన పెట్టొద్దు. తల, మెడ బార్‌కు సరిగ్గా వెనక ఉండకుండా కాస్త ఎడమకు నిలబడండి. భుజం ఎత్తు దాటి కోయొద్దు, నిచ్చెనెక్కి అసలే వద్దు. పై కొమ్మలకు చెట్టెక్కడం తెలిసినవాళ్లను పిలిచి మోకు కట్టించి చేతి రంపంతో కోయించండి. పొట్టు పెద్ద పెద్ద పలుకులుగా రాకుండా పిండిలా వస్తోందంటే చైన్ మొద్దుబారింది. మొద్దు చైన్‌తో కోసేవాడు మిషన్‌ను బలంగా నొక్కుతాడు, అక్కడే జారుతుంది. జేబులో ఆకురాయి పెట్టుకోండి. గట్ల మీది వేప, తుమ్మ చెట్లలో పాత కంచె తీగలు, మేకులు మాను లోపల కలిసిపోయి ఉంటాయి, ముందు చుట్టూ తిరిగి చూడండి. పెట్రోలు పోసేటప్పుడు ఇంజన్ చల్లారనివ్వండి, పోసిన చోటి నుంచి పది అడుగులు జరిగి స్టార్ట్ చేయండి. దగ్గర్లో బీడీ వద్దు.

ఎండాకాలం చివర గాలిదుమారానికి పడిపోయిన చెట్లు నిలబడ్డ చెట్ల కన్నా ప్రమాదం. పడిన చెట్టు కింద కొమ్మలు వంగి బిగుసుకుని ఉంటాయి. ఎటు నొక్కుకుని ఉందో, ఎటు సాగి ఉందో చూడకుండా కోస్తే కొమ్మ ఎగిరి కొడుతుంది, లేకపోతే బార్ ఇరుక్కుంటుంది. ముందు నొక్కుకున్న వైపు కొంచెం కోసి, తర్వాత సాగిన వైపు నుంచి మెల్లగా కోయాలి, కొమ్మ ఎగిరే దారిలో నిలబడకుండా. వేళ్లతో లేచిన చెట్టు మానును కోస్తే మొదలు ఒక్కసారిగా వెనక్కి నిలబడొచ్చు, ఆ గుంతలో ఎవరూ ఉండకూడదు. కరెంటు తీగ తగిలి ఉంటే దగ్గరికే పోవద్దు, 1912కు ఫోన్ చేసి, లైన్‌మన్ వచ్చి సప్లయి తీసేశానని చెప్పేదాకా ఆగండి.

ఒంటరిగా ఎప్పుడూ కోయొద్దు. తోడున్న మనిషికి మిషన్ ఆపడం, 108కు చెప్పడం తెలిసి ఉండాలి. గాయమైతే పసుపు, కాఫీ పొడి పోయొద్దు. శుభ్రమైన గుడ్డ మడిచి గాయం మీద పెట్టి రెండు చేతుల బలంతో నొక్కి పట్టండి. రక్తం ఆగిందా అని మాటిమాటికీ తీసి చూడొద్దు, గుడ్డ తడిస్తే దాని మీదే ఇంకోటి పెట్టండి. ఫోన్ మిషన్ పెట్టిన సంచిలో కాకుండా చొక్కా జేబులో ఉండాలి. పొలానికి దారి అంబులెన్స్ డ్రైవర్‌కు తెలియదు కాబట్టి మూడో మనిషి ఉంటే మెయిన్ రోడ్డు మీదికి పంపండి. ఇద్దరే ఉంటే ఊళ్లో ఒకరికి ఫోన్ చేసి రోడ్డు దగ్గర నిలబడమనండి.