'స్విచ్ ఆఫ్ ఇట్' తప్పు, 'లుక్ హిమ్ ఆఫ్టర్' ఇంకా తప్పు: సమస్య - పరిష్కారం

కర్నూల్లో బస్సు దిగి, కొండారెడ్డి బురుజు దగ్గర నిలబడి "ప్లీజ్ పిక్ అప్ మీ" అని మెసేజ్ పెడితే ఫ్రెండ్ బండేసుకుని వచ్చేస్తాడు, ఏ ఇబ్బందీ లేదు. అదే మాట బెంగళూరులో ఇంటర్వ్యూలో అంటే అవతలాయన మొహం మీద ఏమీ అనడు గానీ ముందున్న కాగితం మీద ఏదో గీసుకుంటాడు. మన అనంతపురం, కడప, కర్నూలు పిల్లలకు స్పోకెన్ ఇంగ్లిష్ చెప్తూ, ఇట్, మీ లాంటి సర్వనామాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక చేసే ఇవే తప్పులు దిద్దీ దిద్దీ విసుగొచ్చి ఇది రాస్తున్నా. క్రియ అంటే ఏంటి, సర్వనామం అంటే ఏంటి అని మొదలుపెట్టను, అవి తెలిసే ఇక్కడిదాకా వచ్చారనుకుంటా.

సమస్య: "స్విచ్ ఆఫ్ ఇట్", "త్రో అవే దెమ్", "పిక్ అప్ మీ"

కారణం మన తెలుగులోనే ఉంది. "మోటరు స్విచాఫ్ చెయ్", "నన్ను పికప్ చేసుకో" అని పొద్దస్తమానం అంటుంటాం కాబట్టి స్విచాఫ్, పికప్ అనేవి మన నోట్లో అతుక్కుపోయి ఒకే మాటలైపోయాయి. ఇంగ్లిష్‌లో అవి రెండేసి మాటలు, మధ్యలో సందుంటుంది. వస్తువు పేరు చెప్తే ఎటైనా పెట్టుకోవచ్చు, "స్విచ్ ఆఫ్ ద మోటర్" అన్నా "స్విచ్ ద మోటర్ ఆఫ్" అన్నా ఒప్పే. ఇట్, హిమ్, హర్, మీ, దెమ్ వస్తే మాత్రం ఆ సందులోకే పోవాలి: "స్విచ్ ఇట్ ఆఫ్", "త్రో దెమ్ అవే", "పిక్ మీ అప్". ఎందుకంటే ఇంగ్లిష్ వాక్యంలో బరువైన మాట చివరికి పోతుంది. 'ఇట్' అంటే ఇద్దరికీ ముందే తెలిసిన వస్తువు, దానికి బరువుండదు, కాబట్టి అది మధ్యలో మెల్లగా నలిగిపోయి చివర 'ఆఫ్' గట్టిగా పలుకుతుంది. 'పొద్దున్నించి తిరుగుతున్న ఆ మూల తోటలో మోటరు' అని పొడుగ్గా చెప్పాల్సి వస్తే లెక్క తిరగబడుతుంది, అప్పుడు 'స్విచ్ ఆఫ్' కలిపి ముందు అనేసి ఆ పొడుగంతా చివర పెట్టాలి.

పరిష్కారం: ఈ మాటల్ని ఒట్టిగా బట్టీ పట్టకండి, 'ఇట్' ఇరికించే నేర్చుకోండి. 'రైట్ డౌన్' కాదు, 'రైట్ ఇట్ డౌన్'. 'ఫిల్ ఇన్' కాదు, 'ఫిల్ ఇట్ ఇన్'. పది రోజుల్లో నోరు తిరుగుతుంది.

సమస్య: రూల్ నేర్చుకున్నాక మొదలయ్యే "లుక్ హిమ్ ఆఫ్టర్", "వెయిట్ మీ ఫర్", "గెట్ ఇట్ ఆఫ్"

నన్ను బాగా ఏడిపించింది ఇదే. పై రూల్ చెప్పి పంపిస్తానా, వారం తిరిగేసరికి "ఐ విల్ లుక్ హిమ్ ఆఫ్టర్" అంటూ వచ్చి కూర్చుంటారు, అదీ క్లాసులో అందరికంటే బాగా చదివేవాళ్లు. కనిపించిన ప్రతి జతనీ చీల్చి మధ్యలో సర్వనామం పెట్టేస్తుంటారు. రూల్ తప్పు కాదు, దాన్ని పెట్టకూడని చోట పెడుతున్నారు.

జతలో రెండో మాట ఏంటో ముందు చూడండి. ఎట్, ఫర్, టు, విత్, ఫ్రమ్, ఇంటు అయితే ఆలోచించే పనే లేదు, సర్వనామం వాటి తర్వాతే: "లుక్ ఎట్ ఇట్", "వెయిట్ ఫర్ మీ", "లిజన్ టు హర్". ఆఫ్టర్ కూడా ఈ లెక్కలోదే అనుకోండి. అవే, బ్యాక్ అయితే దానికి పూర్తిగా ఎదురు, సర్వనామం మధ్యలోకే: "టేక్ ఇట్ అవే", "బ్రింగ్ హిమ్ బ్యాక్". తిప్పలన్నీ ఆన్, ఆఫ్, అప్, డౌన్, ఇన్, ఓవర్, త్రూ, అక్రాస్‌తోనే. ఇవి రెండు పనులూ చేస్తాయి, పైకి చూస్తే తేడా తెలియదు.

వీటికి చేయాల్సిన చెక్ ఒకటే, ఒక్కరూ చేయరు: కదిలింది ఎవరు?

హెల్మెట్ తీశారు. తల మీద నుంచి ఊడివచ్చింది హెల్మెట్, అంటే కర్మ కదిలింది. సర్వనామం మధ్యలోకి: "టేక్ ఇట్ ఆఫ్". గుత్తిలో బస్సు దిగారు. దిగింది మీరు, బస్సు బస్సులాగే ఉంది, అంటే కర్త కదిలాడు. సర్వనామం చివరికి: "గెట్ ఆఫ్ ఇట్". రెండు చోట్లా అదే 'ఆఫ్'.

ఇంకోటి చూడండి. కరువొచ్చిన ఏడాది మామ డబ్బు సర్ది మనల్ని గట్టెక్కించాడు. గట్టు ఎక్కింది మనం, కర్మ: "హి సా అస్ త్రూ". ప్లాట్లు అమ్మేవాడు వచ్చి ఏవేవో చెప్పాడు, వాడి వేషం మనకు తెలిసిపోయింది. ఇక్కడ మన చూపు వాడిలోంచి దూసుకుపోయింది, వాడు ఎక్కడికీ పోలేదు: "వి సా త్రూ హిమ్". 'సా', 'త్రూ' రెండు చోట్లా అవే, సర్వనామం చోటు మారితే సాయం చేసినవాడు మోసగాడైపోతాడు. అలాగే పాత ఫొటో ఏదో మీ కంటపడితే "ఐ కేమ్ అక్రాస్ ఇట్", దాని దగ్గరికి వచ్చింది మీరు. మీ మాట ఎదుటివాళ్లకు చేరితే "ఐ గాట్ ఇట్ అక్రాస్", చేరింది మాట.

మోటరు వేశారు, ఆన్‌లోకి వచ్చింది మోటరు: "టర్న్ ఇట్ ఆన్". వీధి కుక్క మీదికి తిరగబడింది, తిరిగింది కుక్క: "ద డాగ్ టర్న్‌డ్ ఆన్ మీ". దీన్ని "టర్న్‌డ్ మీ ఆన్" అన్నారంటే అర్థం ఎక్కడికో పోతుంది, దయచేసి నలుగురిలో అనకండి.

ఈ చెక్‌కి లొంగనివీ కొన్నున్నాయి. "లుక్ ఇట్ అప్" అని నిఘంటువులో మాట వెతికితే కదిలేదేమీ లేదు, "గివ్ ఇట్ అప్"లోనూ అంతే. అప్పుడు నిఘంటువే తెరవండి. అందరి దగ్గరా ఫోనుంది, ఇదొక్కటి మాత్రం ఎవరూ చూడరు, అర్థం చదివేసి మూసేస్తారు. లాంగ్‌మన్ ఇంగ్లిష్ నిఘంటువులో 'సమ్‌బడీ', 'సమ్‌థింగ్' అన్న మాటలు ఎక్కడ కూర్చున్నాయో చూడండి. చివర ఉంటే సర్వనామమూ చివరే. మధ్యలో ఉండి పక్కన రెండు మొనల బాణం ఉంటే పేరు ఎటైనా, సర్వనామం మాత్రం మధ్యలో. మధ్యలో ఉండి బాణం లేకపోతే పేరు కూడా మధ్యలోనే ఉండాలని.

సమస్య: "ఐ యామ్ లుకింగ్ ఫార్వర్డ్ ఇట్ టు"

మూడు మాటల గుంపు. చివరి మాట టు, విత్ లాంటిదే కాబట్టి సర్వనామం అన్నిటికంటే చివర: "లుకింగ్ ఫార్వర్డ్ టు ఇట్", "పుట్ అప్ విత్ హిమ్", "రన్ ఔట్ ఆఫ్ ఇట్". ఈ చివరి 'ఆఫ్' ఒక్క ఎఫ్‌దండోయ్, బస్సు దిగేటప్పటి రెండు ఎఫ్‌ల 'ఆఫ్' కాదు. మనం రెండూ ఒకేలా పలికి, రాసేటప్పుడు కూడా కలిపేస్తాం.

సమస్య: "గివ్ బ్యాక్ మీ", "గో టు దేర్", "డిస్కస్ అబౌట్ ఇట్"

మొదటిది రెండు సర్వనామాల గొడవ, "గివ్ ఇట్ బ్యాక్ టు మీ" అనేస్తే తీరిపోతుంది. రెండోది మన 'అక్కడికి'లోని 'కి' చేసే పని. దేర్, హియర్, హోమ్‌లకు దిక్కు లోపలే ఉంది, 'టు' అక్కర్లేదు, "గో దేర్", "కమ్ హియర్", "గో హోమ్" అంతే. మూడోదానిలో 'అబౌట్' తీసేయండి. 'రిటర్న్ బ్యాక్'లో 'బ్యాక్' కూడా.

అరుదైనవి

"పిక్ అప్ హిమ్ అండ్ హిస్ బ్రదర్" లాంటిది ఎక్కడో వింటే కంగారు పడకండి, 'అండ్'తో పొడుగైంది కాబట్టి చివరికి పోయింది. "హిమ్ కాదు, హర్" అని ఒత్తి చెప్పేటప్పుడు కూడా అప్పుడప్పుడూ చివర వినపడుతుంది. వీటి కోసం బుర్ర పాడుచేసుకోవద్దు, ముందు మోటరు సరిగ్గా ఆపడం నేర్చుకోండి.