కుండపెంకును చదవడం – నాలుగవ పాఠం: విరుపు, రంగు, అంచు

గత పాఠంలో మట్టి పొరలను కింది నుంచి పైకి లెక్కించడం నేర్చుకున్నాం. ఆ పొరల్లో కర్ర చివికిపోతుంది, ఇనుము తుప్పు తినేస్తుంది, కాలిన మట్టి మాత్రం వేల ఏళ్లు నిలుస్తుంది. గంజాం జిల్లాలో రుషికుల్య ఒడ్డున ఉన్న జౌగడను చూడడానికి బరంపురం నుంచి వెళ్లే మనవాళ్లు అశోకుని శాసనాల బండను చూసి తిరిగి వచ్చేస్తారు. ఒడియాలో 'జౌ' అంటే లక్క కాబట్టి, అది లక్కకోట అన్న కథను ఇంటికి తెచ్చుకుంటారు. 1956-57లో పురావస్తు శాస్త్రవేత్త దేబలా మిత్ర అక్కడ తవ్వకాలు జరిపినప్పుడు దొరికిన వాటిలో నలుపు-ఎరుపు కుండల పెంకులు ఉన్నాయి. నా దృష్టిలో లక్క కథ కంటే అవే ఎక్కువ చెబుతాయి.

రక్షిత స్థలంలో నేల మీద కనబడిన పెంకునైనా తీసుకోకూడదు. అభ్యాసానికి మీ పెరట్లో పగిలిన నీళ్లకుండ చాలు.

ముందుగా పై నునుపును వదిలి, విరిగిన అంచును చూడండి. లోపలి మధ్యభాగం నల్లగా ఉంటే, మట్టిలో కలిపిన ఊక, గడ్డి వంటివి పూర్తిగా కాలలేదని, మంట చాలలేదని లేదా తొందరగా ఆరిందని అర్థం. తరువాత లోపలి గోడను వేలితో తడమండి: సమాంతరంగా సాగే సన్నని గీతలు కుమ్మరి సారెను సూచిస్తాయి, గుంటలు, హెచ్చుతగ్గుల మందం చేతితో మలచిన కుండను, లేదా లోపల రాయి ఆనించి బయట చెక్కతో కొట్టిన కుండను సూచిస్తాయి.

ఇక రంగు. నలుపు-ఎరుపు పెంకుకు లోపలి భాగం, మూతి చుట్టూ నలుపు, బయట కింది భాగం ఎరుపు. రెండు రంగులు పూసినట్లు కనబడినా, సాధారణంగా చెప్పే వివరణ ప్రకారం ఇది ఒక్క మంట పనే. కుండను బోర్లించి మూతిని ఊకలోనో ఆకులలోనో కప్పితే అక్కడికి గాలి అందక మట్టి నల్లబడుతుంది. గాలి తగిలిన వైపు మట్టిలోని ఇనుము ఎర్రబడుతుంది. అయితే ఈ రకం కుండలు దేశంలో అనేక చోట్ల, తామ్రశిలా యుగం (రాతితో పాటు రాగి పనిముట్లూ వాడిన కాలం) నుంచి చారిత్రక యుగారంభం దాకా కనిపిస్తాయి కనుక, ఒక్క పెంకును పట్టుకుని కాలం నిర్ణయించే వారిని నమ్మవద్దు. అది ఏ పొరలో, ఏ వస్తువుల పక్కన దొరికిందన్నదే కాలాన్ని చెబుతుంది.

మూతి పెంకు దొరికితే కుండ వెడల్పు కూడా తెలుస్తుంది. కాగితం మీద ఒకే కేంద్రం నుంచి సెంటీమీటరు చొప్పున పెరిగే వ్యాసార్ధాలతో వృత్తాలు గీసి, పెంకును బోర్లించి, కింద వెలుతురు దూరనంత వరకు వంచి నిలిపి, దాని వంపు ఏ వృత్తంతో కలుస్తుందో చూడండి. వృత్తంలో ఇరవయ్యో వంతు కూడా మిగలని పెంకు మీద ఈ కొలతను నమ్మలేం.

వచ్చే పాఠానికి ముందు మీ ఇంటి కుండపెంకులు పది తీసుకుని, ఒక్కొక్కదానికి విరుపు, లోపలి గీతలు, రంగు, మూతి వెడల్పు నోటుపుస్తకంలో రాసుకోండి; పెంకు మీద మాత్రం సిరాతో కాక పెన్సిల్‌తో అంకె వేయండి.